నీలవ్వ తెచ్చిన నీళ్లు

“నీళ్లేడున్నయో చూడు.”

బండి ఆగిన ప్రతిచోటా భోజన్న నోట్లోంచి ముందుగా ఊడిపడే మాట ఇదే. అందుకే ఈ యాత్రలో నీలవ్వకు ఊళ్లన్నీ నీళ్లతోనే గుర్తున్నాయి. భద్రాచలమంటే సత్రం వెనక సన్నధార నల్లా. అన్నవరమంటే కొండకింద కిర్రుమనే బోరింగు. సింహాచలంలో అందరూ దర్శనం చేసుకుని వచ్చేసరికి ఆమె పప్పుకు పోపు పెడుతోంది. గిన్నెలు కడిగి తన వంతుకు బయల్దేరేసరికి బండి హారన్ మోగింది. ఆ దేవుడు ఎట్లా ఉన్నాడని అడిగితే, పాపం, ఆమె ఏం చెబుతుంది?

తొంభయ్యొకటో సంవత్సరం ఎండాకాలం. ఆర్మూర్‌లో పసుపు అమ్ముడుపోగానే, పూరీ పోవాలన్న తల్లి లసుమవ్వ మొక్కు తీర్చడానికి భోజన్న మెటాడోర్ వ్యాను మాట్లాడాడు. ముగ్గురు దోస్తులను పిలిచాడు. “నిన్ను గూడ తీస్కపోత తియ్యి” అన్నాడు పెళ్లానితో, వరమిచ్చినట్టు. వ్యానులోకి ముందు ఎక్కింది స్టవ్వు, దాని వెనక బియ్యం సంచి, ఆ వెనక నీలవ్వ. అబ్బో, ఎంత మర్యాదో!

రెండు నెలలు పసుపు కొమ్ములు ఉడకబెట్టి, కల్లంలో ఆరబోసి, ఎండకు కమిలిపోయిన మనిషి. సత్రంలో ఎవరో “మీ ఇంటామె ఏం పనిజేస్తది” అని అడిగితే భోజన్న తేలిగ్గా నవ్వాడు. “ఏం పని? ఇంట్లనే ఉంటది. దానికేం తెల్వది.” పక్కనే కూర్చుని కూర తరుగుతున్న నీలవ్వ తన అరచేతులు చూసుకుంది. అవి ఇంకా పచ్చగానే ఉన్నాయి.

“గిది భీమిలి. గంటసేపు ఆపుత భాయ్, ఇంజన్ సల్లవడాలె” అన్నాడు డ్రైవర్ ఖదీర్. ఎప్పుడో డచ్చివాళ్లు ఓడలేసుకొచ్చి వ్యాపారం చేసిన ఊరట. వాళ్ల గోరీలు ఇంకా ఉన్నాయట.

వ్యాను దిగిన నీలవ్వ తలెత్తి అట్లాగే నిలబడిపోయింది. ముప్పై ఆరేళ్లు వచ్చాక మొదటిసారి సముద్రాన్ని చూస్తోంది.

“నేను గూడ జర దగ్గరికి పోయి చూసొస్తనే” అంది.

“చూసుడేముంది? మన పోచంపాడు డ్యాం లెక్కనే ఉంది. జర పెద్దగ, గంతే. వంట కానియ్యి, ఆకలైతుంది.”

“మరి నీళ్లేడ?”

“గన్ని నీళ్లు ముంగట కనవడ్తలేవా? నీకేం తెల్వదే!”

దోస్తులు గొల్లుమన్నారు. నలుగురూ గోరీలు చూడ్డానికి నడిచారు, ఖదీర్ దారి చూపించాడు. వ్యాను నీడలో లసుమవ్వ మోకాళ్లు ఒత్తుకుంటూ ఉండిపోయింది. నీలవ్వ రెండు బకెట్లలో ఒకటి అందుకుంది. సముద్రం నీళ్లు ఉప్పగా ఉంటాయని మూడో తరగతి పుస్తకంలో చదివింది ఆమె. భోజన్న బడి మొహమే చూడలేదు.

ఓటల్ ముందు బల్ల మీద, మగవాళ్ల మధ్య దర్జాగా కూర్చుని ఒక చేపలామె టీ తాగుతోంది. పక్కనే ఖాళీ గంప.

“ఏటమ్మా, కుళాయి కోసమా? అదుగో, గంటస్తంభం కాడుంది. సముద్రం సూసినావా?”

“ఏడ చూస్త? వంట గావాలె.”

“వంట మాకు మాత్రం లేదేటి? తెల్లారగట్ల లేసి సేపలమ్మినాను. నాకూ ఆకలేస్తాది గదా! ఇడ్లీ తిని, టీ తాగి, అప్పుడెల్తాను ఇంటికి.”

నీలవ్వకు ఆమెను ఎంత చూసినా తనివి తీరలేదు. నాకూ ఆకలేస్తుంది అనే ఆ చిన్న మాట పద్దెనిమిదేళ్ల కాపురంలో తన నోట ఒక్కసారైనా వచ్చిందా? గంటస్తంభం ఒకవైపు, సముద్రం ఒకవైపు. కాసేపు నిలబడి, ఆమె సముద్రం వైపు తిరిగింది.

అబ్బ, ఏం నీళ్లు! ఏం గాలి! ఒకవైపు నది వచ్చి కలుస్తోంది, ఒడ్డున పడవలు బోర్లించి ఉన్నాయి, పాత లైట్‌హౌస్ తెల్లగా మెరుస్తోంది. అల వచ్చి మోకాళ్లదాకా చీర తడిపి, పాదాల కింద ఇసుక లాక్కుపోయింది. ఆమె పడబోయి, నిలదొక్కుకుని, పకపకా నవ్వింది. ఎన్నాళ్లయిందో అట్లా నవ్వి! “ఎంత మంచిగున్నవే తల్లీ” అంది పైకే. అన్నం, కూర, గిన్నెలు ఏవీ గుర్తుకు రాలేదు. ఇసుకలో కూలబడి కళ్లారా చూసింది. ఇంత దూరమొచ్చి దీన్ని చూడకుండా పోతే నా అంత పిచ్చిది ఉండదు అనుకుంది. లేచేటప్పుడు ఆ అలల్లోనే బకెట్ ముంచింది, తెలిసే ముంచింది.

ఆమె వ్యాను దగ్గరికి చేరేసరికి మగవాళ్లు తిరిగొచ్చి ఉన్నారు. స్టవ్వు వెలగలేదు, బియ్యం గిన్నెలో పొడిగానే ఉన్నాయి.

“ఏందే, ఇంక ఎసరే పెట్టలేదా?” అంటూ భోజన్న బకెట్‌లో చెంబు ముంచి గటగటా తాగి, థూ అని ఉమ్మేశాడు. “ఉప్పునీళ్లు! గివి ఎవరన్న తెస్తరా?”

“గన్ని నీళ్లు ముంగటున్నయని నువ్వే అంటివి. పోచంపాడు లెక్కనే అంటివి. నాకేం తెల్వది గదా” అంది నీలవ్వ, నెమ్మదిగా.

దోస్తులు ఈసారి భోజన్న వైపు చూశారు. ఖదీర్ నవ్వాపుకోలేక మొహం తిప్పుకుని, “ఓటల్ దగ్గర్నే ఉంది భాయ్” అన్నాడు.

“చూసినవా అవ్వా, నీ కోడలు!” భోజన్న తల్లి మీదికి తిరిగాడు.

లసుమవ్వ బకెట్‌లో వేలు ముంచి నాలుకకు తాకించింది. కోడలి తడిసిన చీర చూసింది, పాదాలకు అంటిన ఇసుక చూసింది. ఆ ముసలి మొహంలో ఏదో కదిలింది.

“మీ నాయినతోని నేను గూడ కాశీకి పోయొచ్చిన కొడకా. మూడు దినాలు గంగ ఒడ్డుకే ఉన్న. ఏం జూసిన? పొయ్యిల పొగ జూసిన.”

మోకాళ్లు పట్టుకుని లేచి, మిగిలిన ఖాళీ బకెట్ చేతికి తగిలించుకుంది.

“మీరు ఓటల్‌కు పోయి తినుండ్రి. పా పిల్లా, నాకు గూడ ఏం తెల్వది. నేను గూడ నీళ్లకొస్త.”