దాటిన చేప

సముద్రపొడ్డు గురించి మాట్లాడడానికి మీటింగు చోడవరంలో పెట్టారు. ఒడ్డునే ఉన్న మెరకపాలెంలో ఆఫీసర్లు దిగడానికి బంగళా లేదు. చోడవరంలో బంగళా ఉంది, మంచాలున్నాయి, వండిపెట్టే మనిషి ఉన్నాడు. అందుకని మెరకపాలెం మగవాళ్లందరినీ సంతరోజు పొద్దున్నే బస్సెక్కి అక్కడికి రమ్మని కబురొచ్చింది. ఆడవాళ్లకి ఏ కబురూ రాలేదు.

ఎర్రమ్మకి ఆ మాట మొగుడు పరదేశి చెప్పలేదు. చోడవరంలో మంగాయమ్మ చెప్పింది. వారం వారం ఎండుచేపల తట్టతో సంతకి రావడం, ముందుగా మంగాయమ్మ అరుగుమీద తట్ట దించి ఆవిడిచ్చిన మజ్జిగ తాగడం, ఎర్రమ్మకి కాపురానికొచ్చిన నాటినుంచీ అలవాటు. మంగాయమ్మ మొగుడు ఆ బంగళాకి కాపలాదారు. ఆఫీసర్లు ఏం తింటారో, ఏం మాట్లాడుకుంటారో ఆ ఇంటికి తెలియకుండా పోదు.

"మీ ఇసకంతా సరుగుడు తోట ఏస్తారంట. నడిమిలోంచి రోడ్డంట. వచ్చేవారం మీ మగోళ్లు ఏలిముద్దర్లు ఎయ్యడానికొస్తన్నారు. నీకు సెప్పనేదా నీ మొగుడు?" అంది మంగాయమ్మ.

ఎర్రమ్మ మజ్జిగ గ్లాసు కింద పెట్టేసింది. నాలుగురోజుల క్రితం ఎవరో వచ్చి ఒడ్డున ఎర్ర రంగు పూసిన కర్ర మేకులు పాతి పోయారు. తుపానులకి అడ్డం కట్టడానికని మగవాళ్లు చెబితే నమ్మింది.

తీరం మొత్తానికీ ఒక ప్రణాళిక వేశారట. పడవలు ఆగేది ఒకచోట, ఐసు గది ఒకచోట, గాలిని ఆపే చెట్లు ఒకచోట, రోడ్డు ఒకచోట. చెడ్డ ప్రణాళికేమీ కాదు. తుపాను దెబ్బ తిన్నవాళ్లెవరూ చెట్లు వద్దనరు. అయితే ఆ మ్యాపులో ఆడవాళ్లు చేపలు ఆరబోసుకునే మెరకని ఖాళీ ఇసుక అని రాశారు. సాయంత్రం పూట, చేపలు ఎత్తేశాక వచ్చి చూసినవాడికి అది ఖాళీగానే కనిపించి ఉంటుంది.

ఆ ఇసుకలో ఎర్రమ్మకి ఒక ముక్క ఉంది. పెళ్లయిన మూడోనాడు అత్త చెయ్యి పట్టుకుని ఒడ్డుకి తీసుకెళ్లి, ఈ రాయినుంచి ఆ రాయిదాకా నీదని చూపించింది. ఆ అత్తకి ఆవిడ అత్త అలాగే చూపించింది. మెరకపాలెంలో పడవలూ వలలూ మగవాళ్లు పంచుకుంటారు. ఆ మెరక మాత్రం వాళ్ల పంపకాల్లోకి రాదు. అత్తనుంచి కోడలికి వెళుతుంది.

ఆ రాత్రి కంచం ముందు పెట్టి మరీ అడిగింది ఎర్రమ్మ. పరదేశి ముందు తెలియదన్నాడు, తర్వాత నైలాను వలలిస్తారన్నాడు. సముద్రం పొడుగూతా ఇసకే కదా, ఇంకోచోట పోసుకోమన్నాడు.

"పడవ నీది మావా. అమ్ముకో, తగలెట్టుకో, నానడగను. ఇసక మీయమ్మ నాకిచ్చింది. నా సొమ్ముకి నువ్వు ముద్దరెయ్యడమేటి?" అంది ఎర్రమ్మ.

పరదేశి చెయ్యి కడిగేసుకుని బయటికి వెళ్లిపోయాడు. మిగతా ఇళ్లలోనూ ఆ వారమంతా అదే గొడవ. మేకుల మధ్య అడుగుపెట్టవద్దని చాటింపు వేయడంతో ఆడవాళ్లు సందుల్లో చేపలు ఆరబోశారు. సగం కుక్కలు తిన్నాయి, సగం పందులు తొక్కాయి.

సంతరోజు మగవాళ్లకంటే ముందు బస్సుకే ఎర్రమ్మ బయలుదేరింది. వెనక పక్కింటి చిన్నతల్లి, ఇంకా డజనుమంది ఆడవాళ్లు. తట్టల్లో ఉన్నవి సగం ఆరిన నెత్తళ్ల చేపలు. కండక్టరు ముక్కు మూసుకుని, చోడవరందాకా తలకాయ బయటపెట్టే నిలబడ్డాడు.

మంగాయమ్మ కళ్లం చాపలన్నీ తెచ్చి బంగళా ముందు పడేసింది. ఆవిడ మొగుడు అది చూసి, వడ్డాదిలో పనుందని సైకిలెక్కి పోయాడు. గేటు దగ్గర్నుంచి మెట్లదాకా, ఈ గోడనుంచి ఆ గోడదాకా చాపలు పరిచి, ఆడవాళ్లు వరసలు వరసలుగా చేపలు పోశారు. ఎండ మంచి పదునుమీద ఉంది. కాకులు అప్పుడే గోడెక్కాయి.

గణపతిరావనే పెద్దాఫీసరు ఉప్మా ప్లేటు వదిలేసి వరండాలోకి వచ్చాడు. కోపిష్టి మనిషి కాదు.

"ఏమిటమ్మా ఇది?"

"నెత్తళ్లు బాబూ," అంది ఎర్రమ్మ.

"అది కనిపిస్తూనే ఉంది. ఇక్కడెందుకు పోశారు?"

"మా సోట మేకులు పాతేరు. మీ సోట ఏటీ పాతనేదు కదా."

ఆయనకి నవ్వొచ్చింది. దరఖాస్తు రాసిస్తే చూస్తానన్నాడు. ఈలోగా మగవాళ్లు వచ్చి గేటు దగ్గర ఆగిపోయారు. రండి, బల్లదగ్గరికి రండి అని ఆయన పిలిచాడు. ఒక్కడూ కదల్లేదు.

ఆరబోసిన చేప మెరకపాలెంలో వడ్డించిన విస్తరితో సమానం. దాన్ని ఎవరూ దాటరు. తాగినవాడు కూడా చుట్టూ తిరిగి పోతాడు, పిల్లలు దాటితే వీపు చిట్లుతుంది. ఎవరైనా దాటితే ఆ వరస తినరు, అమ్మరు. తీసుకెళ్లి మళ్లీ సముద్రానికి ఇచ్చేస్తారు. బంగళా ముందు చుట్టూ తిరిగి పోవడానికి దారి లేకుండా పోసింది ఎర్రమ్మ. ఆవిడ మొగుణ్ణి చూడలేదు. చేపలు తిరగేస్తూ కూర్చుంది. పరదేశి దాటితే ఏం చెయ్యాలో ఆవిడ ఆలోచించుకుని రాలేదు. దాటితే మాత్రం ఇసుకతోపాటు ఆ మనిషీ తనకి పోయినట్టేనని తెలుసు.

వెనకనుంచి ఎవరో పరదేశిని మోచేత్తో పొడిచారు, నైలాను వల మాట గుర్తు చేశారు. పరదేశి ఒక కాలు ఎత్తాడు. ఎత్తిన కాలు మళ్లీ అక్కడే పెట్టాడు.

పెళ్లాలకి జడుస్తున్నారని గణపతిరావు అనుకున్నాడు. వీళ్లు రాకపోతే తానే వెళితే సరి అనుకుని, కాగితాలూ సిరా పెట్టె పట్టుకుని మెట్లు దిగాడు. బూట్లతో చాపమీదకి ఒక అంగ వేశాడు. ఇంకో అంగకి చిన్నతల్లి వరస దాటాడు. మూడో అంగకి ఎర్రమ్మ వరస.

గేటు దగ్గర మగవాళ్లు ఒక అడుగు వెనక్కి వేశారు.

"అక్కడే ఆగండి బాబుగోరూ," అన్నాడు పరదేశి. గొంతు మెల్లగానే ఉంది. "మరి రాకండి."

"ఏమైందయ్యా? ముద్ర వేస్తే అయిపోతుంది."

"ఎయ్యం. ఆ ఇసక మాది కాదు బాబూ. మాదైతే ఏసీవోళ్లం. ఆళ్లది."

ముందుకి చేపలు, వెనక చేపలు, మధ్యలో సిరా పెట్టెతో నిలబడిపోయాడు గణపతిరావు. తానేం చేశాడో ఆయనకి తెలియలేదు. ఏదో చేశానని మాత్రం అందరి మొహాల్లో కనిపించింది. ఎర్రమ్మ లేచి, చేత్తో చేపలు పక్కకి నెట్టి మెట్లదాకా దారి చేసింది.

"ఎనక్కెళ్లండి. మా ఊసు మాటాడాలంటే మా ఊరు రండి. మాతో మాటాడండి."

వస్తాను, ఒకరోజు పొద్దున్నే వస్తాను అన్నాడాయన.

"రండి. సెప్పులు రోడ్డుకాడ ఇడిసి రండి."

దాటిన వరసలు పారబోయడానికి మంగాయమ్మకి మనసొప్పలేదు. తాను కడుక్కుని వండుకుంటానంది. ఎర్రమ్మ వినలేదు, వేరే మూట కట్టింది. దాటినవాడు మొయ్యాల్సిన మూట అది. పరదేశి వచ్చి అందుకున్నాడు. బస్సులో ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఇంటిదాకా ఎర్రమ్మ అతనితో ఒక్క మాట మాట్లాడలేదు. చేపలు నీళ్లలో కలిపి వచ్చాక కూడా మాట్లాడలేదు.

తెల్లవారి పడవలొచ్చాయి. చాటింపు చాటింపుగానే ఉంది, మేకులు మేకుల్లాగే ఉన్నాయి. ఎర్రమ్మ తట్టెత్తుకుని తన ఇసుక మీదకే నడిచింది. ఈ రాయికీ ఆ రాయికీ మధ్య నడిమిలో ఒక మేకుంది.

"లాగు," అంది పరదేశితో.

"కేసెడతారేమోనే."

"నామీద ఎట్టమను."

లాగాడు. లోతుగా పాతారు, రెండు చేతులూ పెట్టాల్సి వచ్చింది. దీన్నేం చెయ్యమంటావని అడిగాడు. ఎర్రమ్మ అందుకుని కొంగుతో ఇసుక దులిపి, తట్టలో పెట్టుకుంది.

ఆపూట గంజి ఆ మేకు మంటమీదే కాగింది. కర్ర మంచిదే గాని, ఆ ఎర్ర రంగు కాలుతుంటే ఇల్లంతా ఒకటే పొగ. ఎర్రమ్మ తలుపు బార్లా తీసి పెట్టింది.