తలుపు తెరిచి కూర్చున్నవాడి పాట

చొక్కా కాలరు ముందు లోపలి వైపు రుద్దాలి, తర్వాత పై వైపు. కొసల నుంచి మధ్యకు రావాలి, లేకపోతే ముడత అక్కడే మొండికేస్తుంది. ఎడమచేత్తో నీళ్ళు చిలకరిస్తూ, కుడిచేత్తో ఇస్త్రీపెట్టె నడుపుతూ, చెవిని మాత్రం గోడమీది రేడియోకి అప్పగించాడు అతను. సన్నటి మనిషి. బల్ల మీదకు వంగీ వంగీ వీపు అలాగే ఉండిపోయింది. ముంజేతుల నిండా పాత కాలిన మచ్చలు. అతని పేరేమిటని అడిగితే వీధిలో ఒక్కరూ చెప్పలేరు. ఇస్త్రీ ఆయన అంటే చాలు.

ఆదివారం మధ్యాహ్నం. ఆ పూట లోకానికి ఏమీ తోచి చావదు. తిన్నది అరగదు, పడుకుంటే నిద్ర రాదు, రేపటి పని ఇవాళే నెత్తిమీద కూర్చుంటుంది. అలాంటి వాళ్ళ కోసమే రేడియోలో ‘మబ్బు పూట’ అనే కార్యక్రమం వస్తుంది. అన్నీ దిగులు పాటలే. ఫోన్ చేసి కావలసిన పాట అడగవచ్చు. తేనె పూసిన గొంతుతో ఒక అమ్మాయి పలుకుతుంది.

అతను ఎప్పుడూ ఒకటే పాట అడుగుతాడు. వెళ్ళిపోయిన మనిషి తిరిగి వస్తుందని తలుపు తెరిచి కూర్చున్నవాడి పాట అది.

భార్య వెళ్ళిపోయిన రోజు కూడా అతను ఇస్త్రీ చేస్తూనే ఉన్నాడు. “నేను పోతే నీకేమైనా అనిపిస్తుందా?” అని ఆవిడ సంచి పట్టుకుని గుమ్మంలో నిలబడి అడిగింది. అతనికి మాట పెగలదు, పుట్టుకే అంత. కడుపులో కొండంత ఉంది, నోటికి వచ్చింది మాత్రం ఇదీ: “తలుపేసి వెళ్ళు. బట్టల మీద దుమ్ము పడుతుంది.” ఆవిడ వేసే వెళ్ళింది.

అప్పటి నుంచి అతను పగలు కొట్టు తలుపు వేయలేదు. దుమ్ము పడితే పడింది, మళ్ళీ దులుపుకుంటాడు. ఆవిడ కుట్టు కార్ఖానాలో చేరిందనీ, అక్కడ హాల్లో ఆదివారం కూడా మిషన్ల మధ్య రేడియో మోగుతుందనీ తెలిసిన రోజున, జన్మలో మొదటిసారి తనంతట తాను ఫోన్ చేశాడు. మనిషికి చెప్పలేనిది రేడియోకి చెప్పగలిగాడు. ఆవిడ వింటుంది, ఏదో ఒక ఆదివారం కరుగుతుంది, వస్తుంది. అతనికి ఇంకో ఆశ లేదు.

ఫోన్ ముసలిది, ఛార్జింగు పెడితే తప్ప మాట్లాడదు. కొట్లో ఇస్త్రీపెట్టెది పోగా మిగిలింది ఒక్కటే ప్లగ్గు. రేడియో పీకి ఫోన్ పెట్టాలి. మాట్లాడటం అయ్యాక గుండె దడ తగ్గేదాకా స్టూలు మీద కూర్చుని, మంచినీళ్ళు తాగి, మళ్ళీ రేడియో పెట్టేసరికి పాట మొదలై ఉంటుంది. మధ్యలో ఏం జరుగుతుందో అతనికి తెలియదు. వీధి మొత్తానికి తెలుసు.

ఇవాళ ప్లగ్గు మార్చబోతుంటే బావమరిది వచ్చాడు. ఇంత కాలంలో గుమ్మం తొక్కని మనిషి.

“బావా, అక్కేమైనా చెప్పి పంపిందేమోనని చూడకు. నువ్వు కానీ. ఎప్పటిలా చెయ్యి.”

అతను చేశాడు. “ఆ పాటే వెయ్యమ్మా. వింటూ ఉంటుంది” అన్నాడు. అటువైపు అమ్మాయి “తప్పకుండా అండీ” అని తియ్యగా పెట్టేసింది. బావమరిది తన జేబులోని ఫోన్‌లో అదే రేడియో పెట్టి, తెచ్చి అతని చెవి దగ్గర పట్టుకున్నాడు.

“వచ్చేశాడండోయ్ మన ఏడుపు మావయ్య! రుమాళ్ళు తియ్యండి!” అంటోంది ఆ తేనె గొంతు. అతను ఇందాక అన్న మాట వేసి, దాని వెనకే పసిపిల్ల ఏడుపు వినిపించారు. అతని మాటనే ముక్కుతో సాగదీసి అంది. అత్తయ్య ఎందుకు పారిపోయి ఉంటుందో చెప్పమంటే, ఎవడో ఫోన్ చేసి, “బతకాలని ఉండి ఉంటుంది” అన్నాడు. ఒకటే నవ్వులు. ఆ తర్వాత పాట.

“విన్నావా? కార్ఖానాలో మా అక్క తలెత్తుకోలేకపోయేది” అన్నాడు బావమరిది. “మొదట్లో ఏడ్చింది. ఇప్పుడు తనూ వాళ్ళతో పాటు నవ్వేస్తోంది. ఏం చేస్తుంది మరి?”

అతను తడిగుడ్డ మడత పెట్టాడు.

“నవ్వుతోందా?”

“పడీ పడీ.”

“నేనుండగా ఎప్పుడూ నవ్వలేదు” అన్నాడు.

“ఇంక ఫోన్ చెయ్యకు” అనేసి బావమరిది వెళ్ళిపోయాడు. అతను రేడియో ప్లగ్గు తిరిగి పెట్టాడు. సగంలో ఉన్న చొక్కా అందుకుని, ఒక చెయ్యి పూర్తి చేశాడు. రెండోదానికి నీళ్ళు చిలకరించాడు గానీ, ఇస్త్రీపెట్టె నిలబెట్టి, దాని ప్లగ్గు పీకి, స్టూలు మీద కూర్చుని గోడకు తల ఆనించాడు.

సాయంత్రం చొక్కా కోసం వచ్చిన ఆయన రెండుసార్లు పిలిచి, మూడోసారి భుజం తట్టాడు. ఒళ్ళు చల్లబడి ఉంది. నలుగురినీ కేకేసి, చొక్కా చేతిలోకి తీసుకుని, “ఒక చెయ్యి ముడతలతోనే వదిలేశాడే” అని చప్పరించాడు.

మరుసటి ఆదివారం కొట్టు ఖాళీ చేయడానికి భార్య వచ్చింది, తమ్ముణ్ణి వెంటబెట్టుకుని. వారం నుంచీ ఎవరూ ఆపకపోవడంతో రేడియో మోగుతూనే ఉంది. బల్లా, ఇస్త్రీపెట్టె బండెక్కాయి.

“అక్కా, రేడియో?”

“ఉండనీ.”

“ఏడుపు మావయ్య ఇవాళ అలిగాడండోయ్!” అంది రేడియో అమ్మాయి. “పోనీలెండి, ఆయన గొంతు మన దగ్గర దాచిపెట్టే ఉంది కదా!”

“ఆ పాటే వెయ్యమ్మా. వింటూ ఉంటుంది” అన్నాడు అతను. వెంటనే పసిపిల్ల ఏడుపు.

ఆవిడకు నవ్వు వచ్చేసింది. ఇన్నాళ్ళూ హాల్లో అందరూ నవ్వేది అక్కడే, ఆ ఏడుపు దగ్గరే. అలవాటైపోయింది. చేత్తో నోరు గట్టిగా మూసుకుని బయటికి వచ్చి, తలుపు లాగి తాళం వేసింది.

లోపల ఖాళీ కొట్లో, గోడమీది రేడియో తలుపు తెరిచి కూర్చున్నవాడి పాట మొదలుపెట్టింది.