స్లాబు లేని చోటు

పొద్దున్నే నేను చేసే మొదటి పని మా ఇంటి కప్పుని ఊడ్చడం. అంటే, రాత్రంతా అది రాల్చిన పెచ్చుల్ని. భూకంపం వచ్చి నెలలు గడిచినా మా స్లాబు ఇంకా విడతలవారీగా కిందికి దిగుతూనే ఉంది. పెచ్చు రాలడం ఇంటి లోపం కాదు. ఊడ్చకపోవడం మాత్రం కోడలి లోపం. "ఏటే ఈశ్వరీ, కాలికింద కరకరలాడతన్నాది, ఇంకా ఫోనే సూస్తన్నావా?" అని మా అత్త లక్ష్మణమ్మగారు మంచం మీంచే తనిఖీ చేస్తారు. నాది బీటెక్ కంప్యూటర్ సైన్సు. చీపురు పట్టుకున్నప్పుడు అది ఎవరికీ కనపడదు.

శ్రీకాకుళంలో మా మావ జగన్నాధంగారికి రెండంతస్తుల ఫంక్షన్ హాలుంది. పెళ్ళవగానే వైజాగ్‌లో నా ఉద్యోగం మానిపించి ఆ హాలు బుకింగులు, ఫోన్లు, ఫేస్‌బుక్ పేజీ అన్నీ నా నెత్తిన పెట్టారు. జీతం మాటెత్తితే మా ఆయన యుగంధర్ పడీపడీ నవ్వాడు. "ఇంట్లో మనిషికి జీతమేటే? నువ్వు తిన్న అన్నానికి మేం బిల్లేస్తన్నామా?" ఆ అన్నం వండింది నేనేనని అప్పటికప్పుడు నోటికి రాలేదు. నాకు మంచి జవాబులన్నీ గిన్నెలు తోముతున్నప్పుడే వస్తాయి.

భూమి రెండుసార్లు ఊగింది. పోయినవాళ్ళ గురించి వెటకారాలాడను. మిగిలినవాళ్ళు మాత్రం ఊరిని కింది నుంచి పైకి కొలవడం మొదలుపెట్టారు. ఇదివరకు పై అంతస్తంటే గాలి, వెలుతురు, గొప్ప. ఇప్పుడు పై అంతస్తంటే టులెట్ బోర్డు. రేకుల షెడ్డు దొరికినవాడు అదృష్టవంతుడు. కోచింగ్ సెంటరు ఖాళీ స్థలంలో షామియానా కిందికి దిగింది. మూడో అంతస్తు డెంటిస్టు ఆటోస్టాండు పక్క కొట్లో పళ్ళు పీకుతున్నాడు. లిఫ్టులు బాగుచేసే అతను వెల్డింగు నేర్చుకుని రేకులు బిగిస్తున్నాడు. పాతపట్నం వైపు నుంచి వచ్చిన తాపీమేస్త్రీలని ఇళ్ళవాళ్ళే బండెక్కించుకుని తిప్పుతున్నారు, టిఫిను పెట్టించి మరీ.

మా హాలుకి ఢోకా లేదని ఇంజనీర్లు చెప్పారు. జనం నమ్మొద్దూ? అక్కడ జరిగిన చివరి పెళ్ళిలో అందరూ పైకి చూస్తూ భోంచేశారు. వడ్డించేవాడు సాంబారు బకెట్ కాస్త గట్టిగా కింద పెట్టాడు. ఆ చప్పుడుకి ఒక బంతి మొత్తం ఎంగిలిచేతులతో రోడ్డు మీదికి పరుగెత్తింది. ఆ తర్వాత ఒక్క బుకింగూ లేదు.

ఇక మా అమ్మ దేముడమ్మ. ఆమదాలవలసలో ఆవిడకి టెంట్ హౌస్ ఉంది. నాన్న పోయాక ఒంటిచేత్తో నడిపింది. నా పెళ్ళికి తన టెంటు వేయిస్తానని అమ్మ సరదాపడితే మా అత్త మూతి విరిచింది. "మన హాలుండగా ఆ గుడ్డలేటికి వదినా? సావింటికేసినవే పెళ్ళింటికీ ఏస్తారు." తర్వాత ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ "ఈలమ్మ గుడ్డలు అద్దెకిచ్చుకుంతాది" అని నన్ను పరిచయం చేసేది. నేను కాఫీ కప్పులు అందిస్తూ నవ్వేదాన్ని. ఒక్క మాట కూడా మర్చిపోలేదు. డిలీట్ చేసినదానికి కూడా బ్యాకప్ ఉంచుకునే చదువు నాది.

ఇప్పుడు సగం జిల్లా మా అమ్మ గుడ్డల కిందే ఉంది. పెళ్ళిళ్ళు, బ్యాంకు, బడి, ఆస్పత్రి ఓపీ కూడా. ఏ తేదీకి ఏ టెంటు ఖాళీగా ఉందో తెలిసేలా నేనే అమ్మకి బుకింగ్ పేజీ చేసిపెట్టాను. ఫోనుకేసి చూస్తూ నేను రీల్సులో మునిగిపోయానని అత్త తిట్టుకున్న పూటలన్నీ దానికే ఖర్చయ్యాయి.

అంతలో మా ఆడపడుచు కుమారికి విజయనగరం సంబంధం కుదిరింది. పెళ్ళికొడుకు తండ్రి మురళీమోహన్‌గారు ఒకే ఒక్క షరతు పెట్టారు. "స్లాబు లేని కాడ సెయ్యండి. లేదంతే మావోళ్ళు రారు." ఆ ముహూర్తానికి ఎక్కడ అడిగినా టెంటు లేదు, మా అమ్మ దగ్గర తప్ప.

మావ అన్నం కలుపుతూ తేల్చేశారు. "మనింటివే కదా. పంపీమని సెప్పు."

"బోర్డు కూడా మార్చీద్దాం నాన్నా," అన్నాడు యుగంధర్. "జగన్నాధం అండ్ సన్ టెంట్ హౌస్. హాలు ఎలాగూ నడవట్లేదు."

"మా అమ్మనడిగావా బావా?" అన్నాను.

"అడగడానికేటుంది? మీయమ్మ ఎంతకాలం రాట్లు మోయిస్తూ తిరుగుతాది? ఇంట్లో కూకుని తినమను. రాట ఏసిన రోజే ఫ్లెక్సీ కట్టీసి అందరికీ సెప్పీడమే."

నేను అతని కంచంలో మజ్జిగ పోశాను. దాన్ని ఒప్పుకోలు అనుకున్నాడు. మా ఇంట్లో మజ్జిగకి అలాంటి అర్థాలు చాలా ఉన్నాయి.

మధ్యాహ్నం అమ్మకి ఫోను చేసి అంతా చెప్పాను. "అయితే ఏటి సెయ్యమంతావే?" అంది.

"టెంట్లు పంపమ్మా. వ్యానులో నువ్వు కూడా రా."

నాగావళి ఒడ్డున ఖాళీ మైదానంలో పెళ్ళిపందిరికి రాట వెయ్యాలి. గొయ్యి తవ్వి ఉంచారు. పంతులుగారు, ముత్తయిదువలు, రెండు వైపుల పెద్దలు చేరారు. అమ్మ పనివాళ్ళు వ్యానులోంచి పసుపు రాసిన రాట కర్ర దింపారు. ఏ పెళ్ళికైనా అమ్మ ఆ కర్ర దింపించి వ్యాను వెనక్కి వెళ్ళి నిలబడుతుంది. రాట వేశారన్నాక మళ్ళీ వచ్చి పని చూసుకుంటుంది. ఇన్నేళ్ళూ ఆవిడని ఎవరూ పొమ్మనలేదు, తనే తప్పుకునేది. ఈసారి కదలకపోయేసరికి మా అత్త పొమ్మంది.

"వదినా, నువ్వు అటేపు ఎల్లు. మంచీ సెడ్డా సూసుకోవాల కదా."

"రాట అమ్మే వేస్తుంది అత్తా," అన్నాను.

"నీకేటయిందే? మొగుడు లేని మనిసి సేతనా? నా కూతురి పెళ్ళి ఇది."

"పెళ్ళి మీ కూతురిదే. కర్ర మా అమ్మది."

యుగంధర్ ఫ్లెక్సీ చుట్ట చంకలో పెట్టుకుని పరుగున వచ్చాడు. "ఈశ్వరీ, ఇంటికాడ మాటాడుకుందాం."

"ఇంట్లో స్లాబుంది బావా. ఇక్కడే మాట్లాడదాం. కళింగపట్నం చేపల వ్యాపారి ధనరాజ్‌గారింట్లో కూడా మన ముహూర్తానికే పెళ్ళి. టెంట్లు ఖాళీ అవుతాయేమోనని పొద్దుట్నుంచి ఫోన్లు. రాట ఎవరు వేసినా వాళ్ళకి అభ్యంతరం లేదట." వ్యాను వైపు తిరిగాను. "లక్ష్ముడూ, ఇంజను ఆపకు."

"ఆపనేదమ్మా," అన్నాడు డ్రైవరు.

కుమారికి నా మీద కోపం వస్తుంది. రానీ. ఈ ఇంట్లో ఆ పిల్ల కంచం కూడా నేనే తీశాను.

పంతులుగారు వర్జ్యం వస్తోందన్నారు. మురళీమోహన్‌గారు వాచీ చూసుకుని విసుక్కున్నారు. "ఎవులేస్తే ఏటండీ? పైన స్లాబు లేకపోతే సాలు. బేగి కానియ్యండి."

మావ తల దించుకున్నారు. అమ్మని ముందుకి రమ్మని చెయ్యి ఊపారు. అమ్మ కదల్లేదు. నా పథకం ఇక్కడితో అయిపోయింది. ఇక్కణ్ణుంచి అమ్మది.

"అల్లుడుగోరూ, టెంట్ హౌస్ ఎవులిదో ఈలందరికీ ఓ మాట సెప్పండి," అంది.

యుగంధర్ చంకలోని చుట్టని వీపు వెనక్కి మార్చుకున్నాడు. "మీదే అత్తా."

"ఇక ముందో?"

"ఎప్పుడూ మీదే."

అయినా అమ్మ అక్కడే నిలబడింది. "లక్ష్మణమ్మ వదినా, పెళ్ళికూతురి తల్లివి. నువ్వు పిలవాల. పిలవని కాడ నేను రాట ఎయ్యను."

అత్త నా వైపు చూసింది. ఎంత గొడవైనా చివర్లో నేనే సర్దిచెప్తానని ఆవిడకి నమ్మకం. పెళ్ళయినప్పట్నుంచీ ఆ పనీ నాదే. నేను ఊ అంటే అయిపోయేది. నేను ఫోనులో ధనరాజ్‌గారి నంబరు తీసి పట్టుకున్నాను.

అత్త పెదాలు కదిలాయి. "రా వదినా... నువ్వే వెయ్యి," అంది, పక్కనున్న నాకే సరిగ్గా అందనంత మెల్లగా.

"ఎనకున్నోళ్ళకి ఇనబడలేదత్తా," అన్నాను.