కాలువలో వచ్చిన సారె

గోదావరికి ఎనభయ్యారులో పెద్ద వరద వచ్చిన తర్వాత పదహారో ఏడు అది. ఆ ఏడు వరద మాట అటుంచి చినుకే లేదు. వాన పడాల్సిన ఆషాఢమాసంలో రోహిణి కార్తె ఎండలు కాశాయి. ఎండాల్సిన వేసవిలోనేమో అకాలంగా జల్లులు పడి, కట్టేసిన కాలువ మడుగుల్లో మాడి చావాల్సిన గుర్రపుడెక్కను బతికించి పోయాయి. కాలువకు నీళ్లు వదిలేసరికి అది ఒడ్డు నుంచి ఒడ్డుకు చాప పరిచినట్టు అల్లుకుపోయింది. పైన ఊదారంగు పూలొకటి.

నీళ్లు ఊరికింత అని వంతులవారీగా ఇస్తున్నారు. తమ ఊరి వంతు రాగానే చిట్టిరాజు కొసన కొక్కెం కట్టిన వెదురుగడ పట్టుకుని కాలువగట్టు ఎక్కాడు. డెక్కను పైకి లాగితే నడుములు పోతాయి. వంతెన కిందుగా దిగువకు తోసేస్తే ఊరు దాటిపోతుంది. పై ఊరివాళ్లు వీళ్లకు తోశారు, వీళ్లు కింది ఊరికి తోస్తారు. ఆ విద్యలో చిట్టిరాజును మించినవాడు ఆ గట్టున లేడు. ఆఖరి తెప్పను తోసే ఊపులో గడ చేయి జారి దాంతోపాటే కొట్టుకుపోయింది. పోతే పోయిందిలే అనుకున్నాడు.

కాలువ శివారున ఉన్నది కూతురు శ్రీసత్య అత్తవారి ఊరు. ఆ సంగతి ఆయనకు తెలియక కాదు. తోసేటప్పుడు గుర్తు రాలేదు, అంతే.

వారం తిరక్కుండా వియ్యంకుడు జగ్గరాజు మోపెడ్ మీద దిగాడు. వెనక కొత్త బుట్ట, దాని మీద పసుపు రాసిన గుడ్డ. చిట్టిరాజు భార్య రత్నమాణిక్యం సంబరంగా గుడ్డ తీసింది. లోపల పూలతో సహా గుర్రపుడెక్క.

"మీరు పంపిన సారె అందిందండి బావగారూ," అన్నాడు జగ్గరాజు కుర్చీలో సర్దుకుంటూ. "ఊరంతా పంచినా తరగట్లేదండి. పెళ్లినాడు అనుకున్నదాంట్లో ఇది లేదు కదా, ఉంచేసుకోవడం మర్యాద కాదని కొంచెం తిరిగి తెచ్చాను."

రత్నమాణిక్యం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. అది పై ఊళ్లవాళ్ల నిర్వాకమనీ, తమ ఊళ్లో అసలు మొలవనే లేదనీ చిట్టిరాజు నసిగాడు. జగ్గరాజు అంతా శ్రద్ధగా విని, కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టాడు.

"అంతేనండి. కాకపోతే దాంతోపాటు ఓ వెదురుగడ కూడా వచ్చిందండి. మా కోడలు చూసి, ఇది మా నాన్నగారిదే మావయ్యగారూ, కొక్కేనికి ఈ ముడి ఆయనే వేస్తారు అంది."

చిట్టిరాజు బుట్ట మీద గుడ్డ మళ్లీ కప్పేశాడు. జగ్గరాజూ వేళాకోళం ఆపాడు. తూము డెక్కతో పూడిపోయిందనీ, చేలోకి నీరెక్కక కొడుకూ కోడలూ పోసుకున్న నారుమడి నెర్రెలిచ్చిందనీ చెప్పాడు. శివారు వంతు రేపటితో ఆఖరు. రేపు తడవకపోతే నారు పోయినట్టే. మళ్లీ పోసుకోవడానికి అదును లేదు. తనూ కొడుకూ లాగుతున్నారు గాని చేతులు చాలడం లేదు. ఇంతా చెప్పి, వియ్యంకుణ్ణి తమ ఊరి కాలువలో దింపితే నలుగురూ నవ్వుతారనీ, అంచేత రమ్మని మాత్రం అడగడం లేదనీ అంటూ మోపెడ్ స్టార్ట్ చేశాడు.

మర్నాడు తెల్లవారేసరికి చిట్టిరాజు శివారు తూము దగ్గర పంచె ఎగ్గట్టి నడుంలోతు నీళ్లలో ఉన్నాడు. అల్లుడు వద్దంటున్నా వినలేదు. జగ్గరాజు గట్టు మీద కుర్చీ వేయించి, కూర్చోండి బావగారూ అని మర్యాద చేశాడు. చిట్టిరాజు ఒక మోపు డెక్క లాగి ఆ కుర్చీలో వేశాడు. పొద్దెక్కేసరికి తూములో నీరు గుడగుడమని నారుమడి వైపు తిరిగింది. అప్పుడు గట్టెక్కి, లాగిందంతా మళ్లీ కాలువలో పడకుండా దూరంగా బీడులోకి మోయడం మొదలుపెట్టాడు.