చేప అచ్చు మీద పడిన నింద

నేను ఒక జెల్లీ అచ్చును. అల్యూమినియం రేకుతో చేసిన, జానెడు పొడవున్న చేపను. వీపు నిండా పొలుసులు, తోక మీద గీతలు, ఒక పక్కనే ఒక కన్ను. నాలో ఏది పోసినా చల్లబడి, గడ్డకట్టి, చేపగా బయటికి వస్తుంది. ఏం పోయాలో నన్నెవరూ అడగరు.

విజయవాడ వన్‌టౌన్‌లో ఒక ఇరుకు సందులో ఖాజా అనే పనివాడు చెక్క దిమ్మ మీద రేకు పరిచి, సుత్తితో కొట్టి నన్ను తయారుచేశాడు. తోక దగ్గర ఒక దెబ్బ ఎక్కువ పడి రెండు పొలుసులు సొట్టపోయాయి. "పోనీలే, తినేటోళ్లు పొలుసులు లెక్కపెడతారా ఏంది" అని నన్ను గంపలోకి విసిరాడు.

గుంటూరులో ఒక ఆడపిల్లల కాలేజీ హోమ్ సైన్స్ విభాగం మమ్మల్ని డజను కొన్నది. ఏడాదంతా అద్దాల బీరువాలో ఉండేవాళ్లం. ప్రాక్టికల్ పరీక్ష రోజున మాత్రం బయటికి వచ్చేవాళ్లం. పిల్లలందరూ కొత్తగా మెరిసే అచ్చుల కోసం పోటీపడేవాళ్లు. హైమవతి అనే చివరి సంవత్సరం అమ్మాయి ఆలస్యంగా వచ్చి, మిగిలిన నన్ను తీసుకుంది. వేలితో లోపలంతా తడిమి, సొట్టను కనిపెట్టి, అక్కడ మాత్రం దూదితో రెండోసారి నూనె రాసింది. ఆ రోజు పన్నెండు జెల్లీలలో తోక విరగకుండా పళ్లెంలోకి దిగింది నాది ఒక్కటే. తర్వాత రెండేళ్లకు ఆ కోర్సే ఎత్తేశారు. బీరువా ఖాళీ చేసేటప్పుడు సుగుణ మేడమ్ హైమవతికి కబురుపెట్టి నన్ను చేతిలో పెట్టింది. "పెళ్లిలో నీకు బిందెలూ గంగాళాలూ ఇస్తారు. ఇది మాత్రం నీ చదువుకు ఇస్తున్నది" అన్నది.

అలా నేను బ్రాడీపేటలో పురుగుమందుల వ్యాపారం చేసే కోమట్ల ఇంటికి, హైమవతి పట్టుచీరల అడుగున దాక్కుని కాపురానికి వెళ్లాను. గుడ్డు అన్న మాట కూడా నోట పలకని ఇల్లు అది. అత్తగారు సుభద్రమ్మ నన్ను చూడగానే రెండడుగులు వెనక్కి వేసింది.

"ఏంటే ఇది? చేపా? మన వంటింట్లోనా?"

"ఆకారమే అత్తయ్యా. పోసేది పాలూ, చైనా గ్రాసూ. అది సముద్రంలో మొలిచే నాచు. ఆకుకూర లాంటిదే."

"ఆకుకూరయితే తోటకూర ఆకారంలో చెయ్యి."

ఆరేళ్లు అటక మీద ఉన్నాను. హైమవతి కూతురి పుట్టినరోజుకు మొదటిసారి కిందికి దించారు. ఆ రోజు సుభద్రమ్మ ముఖం చిట్లించుకుంటూనే ఒక ముక్క నోట్లో వేసుకుని, రెండోది అడగలేదు గానీ పళ్లెం పక్కనుంచి కదల్లేదు. ఆపైన ప్రతి వేసవికీ నాకు పని దొరికింది. గుంటూరు ఎండలో జెల్లీ చేయడమంటే మాటలు కాదు. వంటింటి వేడికే చైనా గ్రాస్ గడ్డకట్టనని మొండికేస్తుంది. హైమవతి నన్ను ఐసుముక్కల తొట్టిలో కూర్చోబెట్టి, ఒక్కో రంగూ పోసి, అది సగం బిగిసిందో లేదో నన్ను కొంచెం వంచి చూసి, అప్పుడు నారింజ తొనల బిళ్లలు, సోంపు మిఠాయి గింజలు ఒక్కొక్కటిగా దించేది. ముందు వేస్తే అడుక్కి పోతాయి, తర్వాత వేస్తే పైన తేలతాయి. ఆ మధ్య నిమిషం ఆమెకు తెలుసు. ఆ ఇంట్లో ఆమె మాట చెల్లే నిమిషం అదొక్కటే.

ఆమెకొక కోరిక ఉండేది. మేడ మీద ఖాళీగా ఉన్న గదిలో, వేసవి సెలవుల్లో ఆడపిల్లలకు పది రోజుల తరగతి పెట్టాలని. పది రోజులకు పది జెల్లీలు నోటుపుస్తకంలో రాసుకుంది. భర్త శేషగిరిని అడిగితే "అమ్మని అడుగు" అన్నాడు. అమ్మను అడిగితే "ముందు మన మహిళా మండలి పార్టీ కానివ్వు. నలుగురూ మెచ్చుకుంటే చూద్దాం" అన్నది. ఆ ఇంట్లో 'చూద్దాం' అంటే ముప్పాతిక వంతు సరే అన్నట్టే. హైమవతి ఆ రాత్రి నన్ను చింతపండుతో తోమి, తుడిచి, మళ్లీ తోమింది.

మే నెల రెండో వారంలో పార్టీ. పాతికమంది పిల్లలు, వాళ్ల తల్లులు. నీలి రంగు జెల్లీ సముద్రంలా పోసి, లోపల మిఠాయి చేపలు ఈదుతున్నట్టు చేయాలని హైమవతి ఆలోచన. ఆ చేపల్ని బూడిదగుమ్మడి మిఠాయిని చాకుతో కోసి తనే చేయబోయింది. అప్పుడు దిగింది ఆడపడుచు ఇందుమతి, శేషగిరికి అక్క. ఆమె భర్తదీ పురుగుమందుల కొట్టే. కంపెనీవాళ్లు డీలర్లను బ్యాంకాక్ యాత్రకు తీసుకుపోతే ఆయన అక్కణ్ణుంచి ఆరు పొట్లాల మిఠాయి తెచ్చాడు. ఎర్రవీ పచ్చవీ, మెత్తగా సాగే చేపలు.

"నువ్వు గుమ్మడికాయలు కోస్తూ కూర్చుంటావేంటి హైమా! ఇవిగో, తయారుగా ఉన్నాయి. వెయ్యి" అన్నది ఇందుమతి.

హైమవతి పొట్లాన్ని అటూ ఇటూ తిప్పింది. "వదినా, దీని మీద చుక్క లేదండీ. పచ్చదీ లేదు, ఎర్రదీ లేదు."

"ఎర్ర చుక్క లేదంటే శాకాహారమనేగా! మాంసం కలిస్తే వాళ్లు ఎర్ర చుక్క పెట్టరూ?"

"ఆ చుక్కలు మన దేశంలోనే వదినా."

"అబ్బో! అమ్మా, విన్నావా, నీ కోడలు ఫారిన్ చట్టాలు కూడా చదివింది."

పొట్లం మీదంతా అక్కడి లిపి. మూల చిన్న ఇంగ్లీషు అక్షరాలున్నాయి గానీ, వాటి మీద తెల్లటి ధర కాగితం అంటించి ఉంది. హైమవతి గోటితో దాన్ని గీకడం మొదలుపెట్టింది.

"ఏంటా గోకుడు?" అన్నది సుభద్రమ్మ. "అది అంత ముచ్చటపడి తెస్తే అనుమానాలా? ఇంటి ఆడపిల్లని చిన్నబుచ్చి నువ్వు ఏం బావుకుంటావ్? మేడగది కావాలన్నావు కదూ? ముందు ఇంట్లోవాళ్లతో సర్దుకుపోవడం నేర్చుకో."

గోరు సగంలో ఆగింది. నేను ఐసు తొట్టిలోంచి చూస్తూనే ఉన్నాను. సొట్టపోయిన రెండు పొలుసుల్ని వదలని మనిషి, ఆ కాగితాన్ని వదిలేసింది. ఆమె జీవితంలో ఆమె చేసిన తప్పు అదొక్కటే. అది కూడా గది కోసం చేసింది.

నాలోంచి ఆ రోజు తొమ్మిదిసార్లు సముద్రం దిగింది. పిల్లలు కేకలు పెట్టారు. స్పూనుతో తాకితే వణికే నీలంలో ఎర్ర చేపలు కదిలినట్టే ఉన్నాయి. మండలి కార్యదర్శి రాజ్యలక్ష్మి "మా ఇద్దరు పిల్లల పేర్లూ నీ క్లాసులో ముందే రాసుకో హైమా" అన్నది. సుభద్రమ్మ నాలుగు చేపలు తిన్నది. నేను లెక్కపెట్టాను.

అప్పుడు రాజ్యలక్ష్మి పెద్దకూతురు, ఇంటర్ చదివే పిల్ల, కిటికీలో పడున్న పొట్లం తీసింది. హైమవతి సగం గీకిన కాగితాన్ని పూర్తిగా పీకింది. ఫోన్‌లో ఏదో వెతికింది.

"అమ్మా, ఇందులో జెలటినంట. ఎముకలూ తోళ్లూ ఉడకబెట్టి చేస్తారంట."

గదిలో అన్ని చప్పుళ్లూ ఒక్కసారే లేచాయి. ఒకావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పెరట్లోకి పరుగెత్తింది. ఇంకొకావిడ కొడుకు నోట్లో వేలు పెట్టి "ఉమ్మెయ్, ఉమ్మెయ్యరా" అంటుంటే, వాడు "బావుందమ్మా" అని ఏడ్చాడు. నాలో పోసిందంతా సముద్రపు నాచు మాత్రమే. ఎముక వచ్చింది పొట్లంలోంచి. ఆ సంగతి చెప్పడానికి నాకు నోరుంది గానీ, అది రేకు నోరు.

"ఎవరమ్మా ఇవి వేసింది?" అన్నది రాజ్యలక్ష్మి.

"నేను పిల్లలకి విడిగా పంచుదామని తెచ్చానండీ" అన్నది ఇందుమతి వెంటనే. "జెల్లీలో కలిపేస్తుందని నేను కలగన్నానా?"

హైమవతి అత్తగారి వైపు చూసింది. సుభద్రమ్మ దగ్గరికి వచ్చి, కోడలి మోచెయ్యి పట్టుకుని, పెదవులు కదలకుండా అన్నది: "దాని అత్తవారి వైపువాళ్లున్నారిక్కడ. దాని పరువు కాపాడు. మేడగది సంగతి నేను చూసుకుంటాను."

"నేనేనండీ" అన్నది హైమవతి, గట్టిగా, అందరికీ వినిపించేటట్టు. "నాదే పొరపాటు. చూసుకోలేదు."

చూసుకోలేదు! ఆ మాట ఆమె నోట విన్నప్పుడు నా రేకు పగిలితే బాగుండుననిపించింది.

మర్నాడు ఇంటిల్లిపాదీ తలంట్లు పోసుకున్నారు. పురోహితుడు వచ్చి పంచగవ్యం ఇచ్చాడు. స్టీలు గిన్నెలను చింతపండూ పసుపునీళ్లతో కడిగి యథాస్థానంలో పెట్టారు. ఫ్రిజ్ ఖరీదైనది కనుక దానికి కొబ్బరినీళ్లు చిలకరిస్తే సరిపోయింది. నాకు మాత్రం ఏ శుద్ధీ లేదు. "చేప ఆకారం ఇంట్లో పెట్టుకుంటే ఇంకేమవుతుంది? ఆ రోజే అన్నాను" అని సుభద్రమ్మ నన్ను పాత చీపురుతో పెరటి గుమ్మం దాటించింది. శేషగిరి పేపర్ పేజీ తిప్పాడు.

వారం తర్వాత హైమవతి మేడగది మాట ఎత్తింది. పెరట్లో పడున్న నాకు వినబడింది.

"ఇంకా ఏం గది?" అన్నది సుభద్రమ్మ, ఆశ్చర్యంగానే. "తప్పు నాదేనని నలుగురిలో నువ్వే ఒప్పుకున్నావు. నీ దగ్గరికి పిల్లల్ని ఎవరు పంపుతారే?"

హైమవతి పళ్లెంలో బియ్యం ఏరుతున్న చప్పుడు వచ్చింది.

పనిమనిషి ఏసమ్మ నన్ను తన ఇంటికి తీసుకుపోయింది. ఇప్పుడు నాలో రాళ్ల ఉప్పు పోసుకుంటున్నది. ఆదివారం పూట నా పక్కనే నిజం చేపలు కడుగుతుంది. వాటికి నా మీద ఏ ఫిర్యాదూ ఉన్నట్టు లేదు.

ఏడాది తిరిగింది. మొన్న ఏసమ్మ పని నుంచి వచ్చి, గుమ్మంలో కూలబడి మొగుడితో చెప్పింది:

"మేడ మీద క్లాసు పెట్టార్లే. ఇందుమతమ్మ చెప్తా ఉంది. శుద్ధ శాకాహారం అని బోర్డు కూడా కట్టారు. మా హైమమ్మ కిందనుంచి ఐసు మోస్తా ఉంది పాపం. మొదటిరోజు జెల్లీ గట్టిపడలా, అంతా నీళ్లే! పిల్లలు నవ్వారు. ఆ యమ్మ కిందికొచ్చి హైమమ్మనడిగింది, ఏం తప్పు చేశానే అని."

"మరి ఏం జెప్పింది?"

"నిమ్మరసం పొయ్యి మీద ఉండగా పొయ్యకూడదు వదినా, దించినాక పొయ్యాలి అంది. గరిటెతో కొలత కూడా చూపెట్టింది. నేనయితే ఇంకో రెండు కాయలు పిండమని చెప్పేదాన్ని! ఎందుకు చెప్పావమ్మా అంటే, అట్టా చూసింది నావైపు. 'జెల్లీ చెడగొట్టడం నాకు రాదే ఏసమ్మా' అంది."

మర్నాటి నుంచి మేడ మీద జెల్లీలు చక్కగా గట్టిపడుతున్నాయట. ఇందుమతి చేయి మంచిదని వీధంతా చెప్పుకుంటున్నారట.