చిటికెనవేలి తొడుగు

ఎడమచేతి చిటికెనవేలికి గుడ్డతొడుగు వేసుకుని, పళ్ళతో దారం లాగి ముడి బిగించాకే బొడ్డమ్మ ఆముదం గిన్నె దగ్గరికి జరిగింది. మిగతా తొమ్మిది వేళ్ళకూ ఆముదం పట్టించి పైన బూడిద అద్దుకుంది. కాల్చిన జీడిపిక్కను బండ మీద నిలబెట్టి చెక్కసుత్తితో ఒక్క దెబ్బ. పెంకు రెండు చెక్కలైంది గానీ లోపలి పప్పుకు గీటు పడలేదు. కాశీబుగ్గలోని ఆ జీడిపప్పు ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళుగా పిక్కలు కొడుతున్న చెయ్యి అది. చిటికెనవేలు పైకెత్తి కొడుతుంది కాబట్టి పక్కవాళ్ళ కంటే కాస్త నిదానం. అయితేనేం, ఆమె దగ్గర పప్పు విరగడం అరుదు. అందుకే మేస్త్రి కూడా నోరెత్తడు.

ఆ తొడుగు ఓ పిల్లి కోసం. పేరు దొరసాని. పన్నెండేళ్ళ కిందట గోనెసంచుల మధ్య కళ్ళు తెరవని కూనగా దొరికింది. మొగుడు సన్యాసి అప్పటికే పోయాడు, పిల్లలు లేరు. బొడ్డమ్మ దాన్ని ఒళ్ళో వేసుకుని ఇంటికి తెచ్చుకుంది.

రెండేళ్ళు నిండేసరికి దాని నోరు కంపు కొట్టసాగింది. చిగుళ్ళు ఎర్రగా వాచాయి. చేపముక్క నోట కరుచుకుని, నమలలేక వదిలేసేది. మనిషికి పనికొచ్చింది పిల్లికి పనికిరాదా అనుకుని, బొగ్గుపొడిలో ఉప్పు కలిపి, పనిలోంచి వచ్చిన వేలితోనే దాని పళ్ళు తోమేసింది. పెంకులోంచి కారి ఒళ్ళు కాల్చే జీడి రసం సంగతి ఆమెకు తెలియనిదా! అప్పటికి ఇరవై ఏళ్ళుగా ఆ రసానికి తన చర్మం ఊడుతూనే ఉంది. అయినా ఆ పూట మతి పనిచేయలేదు. తెల్లారేసరికి దొరసాని పెదవి బొబ్బెక్కింది.

బుట్టలో పెట్టుకుని ఏడుస్తూ పశువుల ఆసుపత్రికి పరిగెత్తింది. కాంపౌండరు లోకనాథ్ ఆ పెదవి చూశాడు, ఆమె చేతులు చూశాడు, నెత్తి కొట్టుకున్నాడు.

"పిల్లికి పళ్ళపొడులూ పేస్టులూ వద్దమ్మా. దానికి ఉమ్మేయడం తెలీదు, మింగేస్తుంది. శుభ్రమైన గుడ్డ తడిపి వేలికి చుట్టి, రోజూ పళ్ళ బయటివైపు మెల్లగా రాయి, చాలు. చిగుళ్ళు ఎర్రబడినా, కంపు వచ్చినా తీసుకురా. ముందు జీడి అంటని వేలొకటి సంపాదించుకో!"

అతను విసుక్కుంటూ అన్నాడు. బొడ్డమ్మ నిజంగానే సంపాదించుకుంది. పెదవి మానిన మర్నాటి నుంచి పదేళ్ళు, ఒక్క పూట తప్పలేదు. ఇప్పుడామె చేతులు చూడాలి. తొమ్మిది వేళ్ళు కాలిన పుల్లల్లా నల్లగా, గోళ్ళ చుట్టూ తోలు లేచిపోయి ఉంటాయి. పదోది మాత్రం పెళ్ళినాటి రంగులో నున్నగా ఉంటుంది. పోయినేడు లోకనాథ్ దొరసాని నోరు తెరిచి చూసి, "ఈ వయసు పిల్లికి ఇలాంటి పళ్ళు నా సర్వీసులో చూడలేదమ్మా" అన్నాడు. ఆ మాటను బొడ్డమ్మ ఫ్యాక్టరీ అంతా తిరిగి చెప్పుకుంది.

ఈమధ్య కాళ్ళు పొంగుతున్నాయి. కంచిలి పక్కన సొంతూళ్ళో ఆమె అన్న ఇలాగే కాళ్ళు పొంగి పోయాడు. ఆమెకూ కిడ్నీలు రెండూ దెబ్బతిన్నాయని, విశాఖపట్నం వెళ్ళమని డాక్టరు చెప్పాడు. చావంటే బొడ్డమ్మకు బెంగ లేదు. తను పోతే దొరసాని నోరు ఎవరు చూస్తారు? అదొక్కటే ఆమెకు ముద్ద దిగనివ్వడం లేదు.

మధ్యాహ్నం గంజి తాగుతూ, పక్క బండ దగ్గర కొట్టే సూరమ్మను అడిగింది.

"ఒలే సూరీ, నాను నేకపోతే దొరసానిని సూత్తావేటే?"

"తిండెట్టమంటే పెడతాను. పిల్లికి పళ్ళు తోమడమేటప్పా! ఊరు నవ్వుతాది. ఒక వేలు ఎత్తి కూకుంటే నా పని సాగుతాదా?"

"నాకు సాగనేదేటి?"

"నీ ఓపిక నాకు నేదు. వొగ్గీ."

బొడ్డమ్మ గంజి గిన్నె పక్కన పెట్టి, సూరమ్మ ఎడమచెయ్యి లాక్కుని, చిటికెనవేలి చుట్టూ దారం చుట్టి కొలిచింది.

"ఓలమ్మ! ఇదేటి?"

"బంగారపుటుంగరం సేయిత్తానే."

సూరమ్మ పడీపడీ నవ్వింది.

సాయంత్రం బొడ్డమ్మ నడవలేకపోతుంటే సూరమ్మే ఇంటిదాకా పట్టుకుని తీసుకెళ్ళింది. బొడ్డమ్మ ఊకతో, సబ్బుతో చేతులు కడిగి, తొడుగు విప్పి మేకుకు తగిలించింది. తెల్లగుడ్డ ముక్కను నెత్తళ్ళ చేపలు ఉడికిన నీళ్ళలో ముంచి ఆ వేలికి చుట్టింది. వాసన తగిలి దొరసాని తనే వచ్చి ఒళ్ళో ఎక్కింది. బొడ్డమ్మ బొటనవేలికి ఇంకో గుడ్డ చుట్టుకుని దాని పెదవి అంచు ఎత్తి, కోరపళ్ళ దగ్గర మొదలుపెట్టి లోపలికి మెల్లగా రాసుకుంటూ పోయింది. ఆయాసం వస్తున్నా చెయ్యి ఆపలేదు. పిల్లి కళ్ళు మూసుకుని గుర్రుమంటోంది.

"సూడే, ఎనక దవడ పన్ను. పాసంతా ఈడే సేరతాది. ఇది మరిసిపోతే పడిన కట్టమంతా పోనాదే."

సూరమ్మ వంగి చూసింది. చిగుళ్ళు లేతగులాబీ రంగులో ఉన్నాయి. సూరమ్మకు తన పిల్లల నోరు ఇంత శ్రద్ధగా ఎప్పుడైనా చూశానా అనిపించింది. పైకి మాత్రం, "బేగి తొంగో అప్పా" అని వచ్చేసింది.

మర్నాడు పొద్దున్న ఫ్యాక్టరీ గంట కొట్టినా బొడ్డమ్మ బండ ఖాళీగానే ఉంది. సూరమ్మ వెళ్ళి చూసేసరికి ఆమె చాప మీద పక్కకు తిరిగి పడుకునే ఉంది. ఒళ్ళు చల్లబడిపోయింది. కాళ్ళ దగ్గర దొరసాని కూర్చుని ఉంది. తలదిండు పక్కన కొత్త తొడుగొకటి, ఇంకా దారం తెంపని సూదితో సహా ఉంది. సూరమ్మ దాన్ని చిటికెనవేలికి వేసుకుంది. కొలిచి కుట్టిందాయె, సరిగ్గా సరిపోయింది.

"ఇదేటప్పా నీ ఉంగరం!" అని గొల్లుమంది.

మూడోనాడు సూరమ్మ పళ్ళతో దారం లాగి ముడి బిగించుకుని, చిటికెనవేలు పైకెత్తి మొదటి పిక్క కొట్టింది. పప్పు విరిగింది. ఎవరూ నవ్వలేదు. దొరసాని ఇప్పుడు ఆమె ఇంట్లోనే ఉంది. బొడ్డమ్మ గదిలో మేకుకు పాత తొడుగు అలాగే వేలాడుతోంది, వేలు ఇంకా లోపలే ఉన్నట్టు చివర కాస్త వంగి.