మెత్తన్న కుట్టిన చిన్న పరుపు

పరుపులు కుట్టేవాడికి ఆ వీధిలో అసలు పేరు ఎప్పుడో పోయింది. అందరూ మెత్తన్న అనే పిలిచేవారు. వీపు ఆనితే చాలు, కళ్లు మూతలు పడాలి. అదీ ఆయన సరుకు. దూది ఏకడంలో గానీ, అరలు పోసి కుట్టడంలో గానీ ఆయనకు ఆయనే సాటి. ఆ సంగతి అందరూ ఒప్పుకున్నదే, ఆయన ఇంకాస్త ఎక్కువ ఒప్పుకున్నాడు.

పెళ్లయిన చాలా ఏళ్లకు కూతురు పుట్టింది. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు నర్సు ఆయన్ని పక్కకు పిలిచి మరీ చెప్పింది.

“తల్లికి చెప్పాను, మీకూ చెబుతున్నా. తర్వాత నాకెవరూ చెప్పలేదనకండి. పాపని ఎప్పుడూ వెల్లకిలానే పడుకోబెట్టాలి. పక్క గట్టిగా, చదునుగా ఉండాలి. తలగడ వద్దు, బొంత వద్దు, చుట్టూ దిండ్లు అసలే వద్దు. మెత్తగా ఉంటే మొహం కూరుకుపోయి ఊపిరాడదు. తల తిప్పుకునే బలం వాళ్లకింకా ఉండదు.”

ఈ చెవితో విని ఆ చెవితో వదిలేశాడంటే అన్యాయం. విన్నాడు, విని నొచ్చుకున్నాడు. ఇంతమందిని మెత్తగా పడుకోబెట్టినవాడి కూతురు చెక్కబల్ల మీద పడుకోవాలా? నలుగురూ నవ్విపోరూ? వైద్యం ఆవిడకు తెలిస్తే తెలియవచ్చు, పరుపు సంగతి తనకా చెప్పేది? తెలియనివాడికి చెప్పొచ్చు, అంతా తెలుసనుకునేవాడికి ఏ దేవుడు దిగొచ్చి చెబుతాడు?

ఏరి ఏరి తెచ్చిన బూరుగు దూదితో చిన్న పరుపు కుట్టాడు. నాలుగు వైపులా ఎత్తైన అంచు, మధ్యలో పిట్టగూడులా పల్లం. చెయ్యి పెడితే మణికట్టు దాకా దిగబడేది. భార్య గుమ్మంలో నిలబడి చూసింది.

“నర్సు వద్దంది కదండీ.”

“ఆవిడ ఏ రేకు మంచం మీద పెరిగిందో. నా కూతురికి ఆ ఖర్మేంటి?”

దూది ఇంకా మిగిలింది. ఎదురింటి వ్యాను డ్రైవరుకు అప్పుడే కొడుకు పుట్టాడు. అతనికీ అలాంటిదే ఒకటి కుట్టి ఇచ్చాడు. డ్రైవరు కుర్రవాడు, మనసున్నవాడు, నోరారా అన్నా అని పిలిచేవాడు. “నేను పట్టేలా కుట్టకపోయావా అన్నా” అంటూ పరుపును నెత్తిన పెట్టుకుని, దారిన పోయేవాళ్లందరికీ చూపిస్తూ వీధి దాటాడు.

పాప హాయిగా నిద్రపోయేది. “చూశావా” అనేవాడు మెత్తన్న. భార్య పని మధ్యలో ఊరికే వచ్చి, పాప ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి వెళ్లేది. ఆ వేలు చూస్తే ఆయనకు ఒళ్లు మండేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆవిడ స్నానానికి వెళుతూ పాపను కనిపెట్టుకుని ఉండమంది. ఆయన అదే గదిలో సూదికి దారం ఎక్కిస్తున్నాడు. పాప దొర్లడం అప్పుడప్పుడే నేర్చుకుంటోంది. పరుపులో ఏదో చిన్న చప్పుడయింది, ఆగిపోయింది. నిద్రలోకి జారుకుంది కాబోలనుకుని మెత్తన్న సూది మీంచి కళ్లు తిప్పలేదు.

తడి జుట్టుతో వచ్చిన భార్య ఒక్క అంగలో పరుపు దగ్గరికి చేరింది. పాప బోర్లా ఉంది. మొహం పల్లంలో కూరుకుపోయింది. ఎత్తేసరికి పెదవులు నీలంగా ఉన్నాయి. తల్లి వీపు రుద్దింది, అరికాళ్లు రుద్దింది, పిలిచింది. ఆఖరికి పాప ఒక్కసారి ఎగపీల్చి కేక పెట్టింది. ఆసుపత్రికి పరుగెత్తారు. గండం గడిచిందన్నాడు డాక్టరు.

ఇంటికొచ్చాక ఆవిడ భర్తను తిట్టలేదు. పాపను గట్టి చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి, “ముందు ఎదురింటికెళ్లి చెప్పిరండి” అంది.

వెళ్లాడు. డ్రైవరు వాకిట్లో చుట్టాలతో కబుర్లాడుతున్నాడు. “ఇదిగో, మావాడికి హంసతూలికా తల్పం కుట్టిన మహానుభావుడు” అని చేయి పట్టుకుని అందరికీ చూపించాడు. అంతమందిలో, నా పరుపు ప్రాణాలు తీస్తుందని ఎలా అంటాడు? అంటే, రేపటి నుంచి దుకాణం గడప ఎవడు తొక్కుతాడు?

“దాన్ని అప్పుడప్పుడు ఎండలో వేస్తుండు” అన్నాడు. ఛీ, ఆ నోటికి అంతకంటే మంచి మాట దొరకలేదు.

“చెప్పారా?” అని భార్య అడిగింది.

“చెప్పాను.”

రేపు ఒంటరిగా దొరికితే చెబుదామనుకున్నాడు. మర్నాడు డ్రైవరు ఒంటరిగానే దొరికాడు. వ్యాను టైర్ల గురించి మాట్లాడుకున్నారు. తర్వాత ఎదురింటి వైపు చూడటమే మానేశాడు. ఆ ఇంట్లో బాబు ఏడిస్తే మాత్రం, హమ్మయ్య అనుకునేవాడు.

ఒక ఉదయం ఆయన దుకాణంలో గుడ్డ కత్తిరిస్తుంటే భార్య పాపను ఎత్తుకుని వచ్చింది.

“ఎదురింటి అమ్మాయి ఇవాళ మళ్లీ పనిలోకి వెళ్లింది. పాపం, అతనే సెలవు పెట్టి బాబుని చూసుకుంటున్నాడు. బాబు కూడా దొర్లడం మొదలెట్టాడట. ఏదో, మీరు ముందే చెప్పబట్టి సరిపోయింది.”

మెత్తన్న కత్తెర పడేసి లేచాడు. చెప్పులు కూడా వేసుకోలేదు.

ఎదురింటి తలుపు ఓరగా వేసి ఉంది. డ్రైవరు భుజాన తువ్వాలుతో, తడి చేతులతో ఎదురొచ్చి పెదవుల మీద వేలు పెట్టాడు.

“మెల్లిగా అన్నా. పాలసీసా కడిగాను, బట్టలు ఆరేశాను. మగాడికి పిల్లల్ని చూడ్డం చేతకాదంటుంది మా ఆవిడ. వచ్చి చూడమను. పాలు తాగి పడుకున్నవాడు ఇంతవరకూ కిక్కురుమనలేదు. అంతా నీ పరుపు మహిమ.”

మెత్తన్న అతన్ని తోసుకుని లోపలికి వెళ్లాడు. కిటికీ పక్కన పరుపు. తాను కుట్టిన అంచు మీదుగా రెండు చిన్న మడమలు పైకి కనిపిస్తున్నాయి. మోకాళ్ల మీద కూలబడి బాబును ఎత్తాడు. చెంప చల్లగా ఉంది. వీపు రుద్దాడు, అరికాళ్లు రుద్దాడు, నాన్నా, నాన్నా అని పిలిచాడు. బాబు తల ఆయన చేతి మీంచి పక్కకు వాలిపోయింది.

గుమ్మంలో నిలబడ్డ డ్రైవరు ఇంకా గుసగుసగానే అంటున్నాడు, “అయ్యో, లేపకన్నా, మళ్లీ పడుకోబెట్టడం నా వల్ల కాదు.”